మట్టి మిద్దె పీర్ల చావిడి, దాని పక్క దిగుడు బావి: మూడు మతాలవాళ్ల కమిటీ చేసిన పని

రాయలసీమ పల్లెల్లో పీర్ల చావిడి, అంటే మొహర్రంలో ఊరేగించే లోహపు గుర్తులైన పీర్లను ఉంచే ఇల్లు, ఒక్క మతం వాళ్లదని ఎక్కువమంది అనుకోరు. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ చనిపోయిన దుఃఖాన్ని మొహర్రం నెలలో పది రోజులు తలచుకుంటారు. పీరును ఎత్తేది ముస్లింలలోని దూదేకుల ఇంటివాళ్లయితే, దానికి దట్టీ గుడ్డ కట్టేది బోయ, కురుబ, రెడ్డి ఇళ్లవాళ్లు. తప్పెట కొట్టేది మాదిగ వాడవాళ్లు. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి ఏటా వచ్చే జనాన్ని చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. ముస్లిం కుటుంబం ఒక్కటి కూడా లేని ఊళ్లలోనూ పీర్లు లేస్తాయి.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక చిన్న ఊరి పని. ఆ ఊళ్లో కొన్ని పీర్లు వెండివి. పీర్లకు కాపలా తక్కువ, అందుకే ఊరి పేరు రాయడం లేదు. పని రెండు భాగాలు: ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు ఉన్న మట్టి మిద్దె చావిడిని నిలబెట్టడం, దాని పక్కనే పూడిపోయిన దిగుడు బావిని తిరిగి వాడుకలోకి తేవడం. పెద్ద సరిగెత్తు (చివరి పెద్ద ఊరేగింపు) అయ్యాక పీర్లు జలధికి, అంటే నీటి తంతుకు, వెళ్లేది ఆ బావికే. బోర్లు వచ్చాక బావిని పట్టించుకున్నవాళ్లు లేరు. బావిలో నీళ్లు లేక కొన్నేళ్లు ప్లాస్టిక్ డ్రమ్ము నీళ్లతో జలధి జరిపారు.

కమిటీ కూర్పు

మతానికి ఇంతమంది అని లెక్కగట్టి కమిటీ వేస్తే, ప్రతి మతంలోనూ పెద్దకులం మగవాళ్లే వచ్చి కూర్చుంటారు. ఇక్కడ మొదటి జాబితా అలాగే తయారైంది. దాన్ని పక్కన పెట్టి, చావిడితో, బావితో ఎవరికి ఏ పని ఉందో రాసుకున్నారు. పీర్లను చూసుకునే ముజావరు, నిప్పుల గుండానికి కట్టె తెచ్చే ఇళ్లు, తప్పెట కొట్టేవాళ్లు, గుండం చుట్టూ పాటలు పాడే ఆడవాళ్లు, బావి గట్టున ఇల్లున్నవాళ్లు, గొర్రెలు తోలేవాళ్లు. ఆ జాబితాలోంచి పదకొండు మందిని తీసుకుంటే వాళ్లలో నలుగురు ఆడవాళ్లు, ముగ్గురు వాడనుంచి వచ్చిన క్రైస్తవులు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే సంఘం నమోదవుతుంది. సంఘం పేరుతో బ్యాంకు ఖాతా తెరవడానికి ఆ నమోదు పత్రం పనికొస్తుంది.

ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది ఒక కాగితం. మూడు గళ్లు గీసి, ఏ నిర్ణయం ఎవరిదో పని మొదలుకాకముందే అందులో రాసుకున్నారు. గుండం తవ్వడానికి గుద్దలి ఎప్పుడు వేయాలి, పీర్లు ఎప్పుడు లేస్తాయి, చదివింపులు (ఫాతిహా చదివి పెట్టే నైవేద్యం) ఎవరు చేస్తారు, పీరును ఎవరు ముట్టుకోవచ్చు అన్నవి ముజావరు గడిలోకి వెళ్లాయి. వాటి మీద కమిటీలో చర్చ ఉండదు. గోడ, మిద్దె, బావి, లెక్కలు, కూలి కమిటీ గడిలోకి వచ్చాయి. ఊరేగింపు దారి, గుండం చోటు, మైకు వేళలు ఊరి సభకు వదిలారు.

ఇది లేకపోతే ఏం జరుగుతుందో చాలా ఊళ్లలో చూస్తున్నదే. పీర్లు ఎత్తడం ఇస్లాంలో లేదని చెప్పే యువకులు ఒకవైపు, మనకెందుకీ పండుగ అనే యువకులు మరోవైపు ఉంటారు. ఇద్దరికీ జవాబు చెప్పబోతే కమిటీ మతచర్చా సభగా మారుతుంది, మిద్దె మాత్రం కురుస్తూనే ఉంటుంది. ఇక్కడ ఆ ఇద్దరికీ చెప్పింది ఒక్కటే: నమ్మకం గురించి ఈ కమిటీ మాట్లాడదు, గోడ గురించి మాట్లాడేందుకు రండి. ఇద్దరిలోనూ కొందరు బావి పూడికకు వచ్చారు. క్రైస్తవ కుటుంబాలు చదివింపుల షర్బత్తు తాగమని ముందే చెప్పాయి. దాన్ని ఎవరూ తప్పుపట్టకూడదని కూడా ఆ కాగితంలోనే రాశారు. శ్రమదానం ఆదివారం ఉదయం, శుక్రవారం మధ్యాహ్నం పెట్టకుండా శనివారానికి మార్చారు.

భూమి, డబ్బు

తాపీ పట్టకముందే తేల్చుకోవాల్సింది స్థలం. చావిడి గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల ఉమ్మడి స్థలంలో) ఉందా, ముస్లిం ధార్మిక ఆస్తుల జాబితా అయిన వక్ఫ్ గెజిట్లో ఆషూర్‌ఖానాగా (పీర్ల చావిడికి రికార్డుల్లో పేరు) నమోదైందా, ఎవరి పట్టాలోనైనా ఇరుక్కుందా అన్నది తహసీల్దారు కార్యాలయంలోనూ, వక్ఫ్ బోర్డు దగ్గరా చూడాలి. వక్ఫ్ ఆస్తయితే మరమ్మతుకు ముందే బోర్డుకు రాతపూర్వకంగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి. బాగుచేశాక అడిగితే ఆ పనే ఆక్రమణగా కనిపించే ప్రమాదం ఉంది. నాలుగు వైపులా గోడల ఫొటోలు, కొలతల పటం తేదీతో సహా భద్రపరచుకోవాలి.

డబ్బు విషయంలో ఒక గీత ఉంది. రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం ఏదో ఒక మతాన్ని పెంపొందించడానికి ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయరాదు. అందుకని పంచాయతీ నిధిని చావిడికి అడగలేదు, దాని ఖర్చంతా చందాలతోనే. బావి ఊరందరి నీటి వనరు కాబట్టి పూడికకు పంచాయతీని అడగవచ్చు. రెండిటికీ రెండు ఖాతాలు, రెండు రశీదు పుస్తకాలు పెట్టుకున్నారు. బావికి కొన్న తాడును చావిడి పనికి వాడినా అద్దె రాశారు. మొదట్లో ఇది అతిగా తోచింది కానీ, రెండో ఏడు లెక్క అడిగినవాళ్లకు పది నిమిషాల్లో చూపించగలిగారు.

దాతల పేర్లతో శిలాఫలకం పెట్టాలన్న పట్టుదల ఒక దశలో పనినే ఆపింది. ఎవరి పేరు పైన ఉండాలన్నది ఆ గొడవ. చివరికి గోడ మీద ఏ పేరూ వద్దని తేల్చి, ఏడాదికోసారి చందా పుస్తకాన్ని సభలో మొదటినుంచి చివరిదాకా పైకి చదువుతున్నారు. గంపెడు సున్నం మోసిన రోజు కూలి కూడా అందులో చందాగానే ఉంటుంది.

మిద్దె బరువు

మట్టి మిద్దెను చంపేది ఎక్కువగా ప్రేమే. కురిసినప్పుడల్లా పైన ఇంకో పొర మట్టి పోస్తారు, పాతది తీయరు. ఈ చావిడి మీద ఉండాల్సినదానికన్నా అర అడుగు ఎక్కువ మట్టి పేరుకుంది. లెక్క చూడండి: ఇరవై, పదిహేను గుణిస్తే మూడు వందల చదరపు అడుగులు, దానికి అర అడుగు మందం అంటే నూటయాభై ఘనపుటడుగులు. ఎండు మట్టికే అది ఆరు టన్నుల పైచిలుకు బరువు. తడిస్తే ఇంకా ఎక్కువ. మధ్య దూలం వంగిందంటే వంగదా మరి.

దించే వరస ముఖ్యం. ముందు ప్రతి దూలం కింద పలక పరిచి దాని మీద ముట్లు (ఊతకర్రలు) పెట్టాలి. ఆ తర్వాతే పైకెక్కి మట్టి తీయాలి. ఒకవైపు మొత్తం తీసి రెండోవైపుకు వెళితే బరువు ఒరిగి గోడ నెడుతుంది. రెండు అంచులనుంచీ సమానంగా, నాలుగేసి వేళ్ల మందం చొప్పున దించుకుంటూ మధ్యకు రావాలి. పైనున్న చౌడు మట్టిని విడిగా కుప్ప పోయాలి, అది మళ్లీ పనికొస్తుంది. కింది ఎర్రమట్టిని జల్లించి, వేర్లు, చెదపుట్టల గడ్డలు ఏరేయాలి.

దూలం కుళ్లేది మధ్యలో కాదు, గోడలోకి దూరిన కొనల దగ్గర. పైకి నున్నగా కనిపించే కొనను సూదిమొన గల దబ్బనంతో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. ఇక్కడ అయిదు దూలాల్లో రెండింటి కొనలు అలా దిగాయి. వాటిని మార్చారు. మిగిలినవాటి కొనల చుట్టూ గోడలో వేలెడు ఖాళీ వదిలారు, గాలి ఆడేందుకు. ఆ ఖాళీని సిమెంటుతో మూస్తే పదేళ్లలో మళ్లీ అదే కథ.

తిరిగి పరిచేటప్పుడు దూలాల మీద దంతెలు (అడ్డ కర్రలు), వాటి మీద బండలు, ఆపైన తడి ఎర్రమట్టి దిమ్మిసతో కొట్టి, చివరన రెండంగుళాల చౌడు. మొత్తం మందం ఆరంగుళాలు దాటనివ్వలేదు. నీళ్లు బయటికి పోయే దోని వైపు వాలు నలభై అడుగులకు ఒక అడుగు లెక్కన ఉంచారు. అంటే పదిహేను అడుగుల మిద్దెకు నాలుగున్నర అంగుళాలు. చౌడును ఏటా తొలకరికి ముందు గీకి, కొత్తది పోయాలి. గీకకుండా పోయకూడదన్నది ఎర్ర సిరాతో రాసిపెట్టుకున్నారు. ఏ ఏడు ఏ ఇళ్లవాళ్లు ఎక్కాలో పదేళ్లకు వంతులు వేసుకున్నారు, ప్రతి వంతులోనూ మూడు మతాల ఇళ్లూ వచ్చేలా.

సిమెంటు పెట్టిన మంట

కమిటీకి ముందే ఒక దాత మంచి మనసుతో సిమెంటు బస్తాలిచ్చారు. గోడ అడుగున మూడడుగుల ఎత్తుదాకా సిమెంటు పూత పూశారు. రాయి, మట్టి గోడ నేలలోంచి తేమ పీలుస్తుంది. పాత సున్నపు పూత ఆ తేమను బయటికి ఆవిరవనిచ్చేది. సిమెంటు దాన్ని ఆపేసింది. తేమ ఆగక ఇంకా పైకి ఎక్కి, సిమెంటు గీత దాటిన చోట బయటికొచ్చింది. నీరు ఎగిరిపోయి ఉప్పు మిగిలింది, ఆ ఉప్పు గడ్డకట్టేటప్పుడు ఉబ్బి మట్టిని పొడిపొడిగా రాల్చింది. అందుకే గోడ అడుగున గట్టిగా ఉండి నడుము దగ్గర తినేసినట్టుంటుంది. ఇలాంటి గోడ కనిపిస్తే కారణం వెతకనక్కర్లేదు.

సిమెంటును సుత్తితో గట్టిగా కొడితే రాళ్లు కదులుతాయి. చిన్న ఉలితో, అంచులనుంచి పెళ్లలుగా లేపారు. తర్వాత రెండు నెలలు గోడను అలాగే వదిలేశారు. ఈ రెండు నెలలు జనానికి ఓపిక ఉండదు, పని ఆగిపోయిందనుకుంటారు. కానీ ఉప్పు బయటికి రావాలంటే ఆ వ్యవధి కావాలి. పైకి తేలిన ఉప్పును పొడి కుంచెతో దులిపి, ఎత్తి దూరంగా పారబోయాలి. నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది.

సున్నం రాళ్లను తొట్టిలోని నీళ్లలో కొద్దికొద్దిగా వేసి తడిపారు. కుప్ప మీద నీళ్లు చల్లితే చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేనివాళ్లను దగ్గరికి రానివ్వలేదు. కంట్లో పడితే ఇరవై నిమిషాలపాటు ధారగా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తడిపిన సున్నాన్ని జల్లించి, పైన నీళ్లు నిలిచేలా ఉంచి, నెల రోజులు మగ్గబెట్టారు. పదిహేను రోజులకన్నా తక్కువైతే తడవని పలుకులు పూతలో తర్వాత విరిసి పొక్కులు లేపుతాయి.

పాళ్లు ఒకటికి మూడు: ఒక వంతు సున్నం, రెండు వంతుల ఇసుక, ఒక వంతు మెత్తటి ఇటుక పొడి. చావిడి చుట్టుకొలత డెబ్బై అడుగులు, మూడడుగుల ఎత్తుకు రెండు వందల పది చదరపు అడుగులు. అర అంగుళం మందానికి వృథాతో కలిపి పది ఘనపుటడుగుల ముద్ద పట్టింది. దాన్ని రెండు పూతలుగా వేశారు. మొదటి పూత బొటనవేలితో నొక్కితే గుంట పడనంత గట్టిపడ్డాకే రెండోది. పెద్ద బేల్దారి (తాపీ మేస్త్రీ) నానబెట్టిన కరక్కాయ నీళ్లు, కొద్దిగా బెల్లం కలిపారు. బెల్లం ఎక్కువైతే చీమలు పట్టడం తప్ప లాభం లేదు.

కాలం లెక్క తప్పితే ఇదంతా వృథా. హిజ్రీ ఏడాదికి దాదాపు 354 రోజులు, అందుకని మొహర్రం ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పదో రోజు 2024లో జూలై 17న, 2025లో జూలై 6న వచ్చింది. అలా జరిగి జరిగి ఎండాకాలంలోకి వస్తోంది. నెలవంకకు నలభై రోజుల ముందే తడి పని ఆపేలా వెనకనుంచి లెక్కేసుకోవాలి. ఏప్రిల్, మే ఎండల్లో పూస్తే సున్నం గట్టిపడకముందే ఎండి నెర్రెలిస్తుంది. తప్పనిసరైతే తెల్లవారుజామునే పూసి, తడి గోనెపట్టాలు కట్టి, పది రోజులు నీళ్లు చల్లాలి.

గోడలో రావి మొక్క

చావిడి పడమటి గోడలో, రెండు రాళ్ల సందున, చిటికెన వేలంత రావి మొక్క మొలిచింది. ఉంటే గోడ చీలుతుంది. కోయమంటే ఏ హిందువు చెయ్యీ లేవలేదు. దూదేకుల వాళ్లు కోస్తే ఎవరేమంటారో అని వాళ్లూ ముట్టుకోలేదు. చాలా చావిళ్లు, గుళ్లు ఈ మొహమాటంలోనే కూలాయి. ఇక్కడ మూడు రోజులు మట్టి సందును తడుపుతూ, వెదురు పుల్లతో తవ్వుతూ వేరును చాలావరకు తెగకుండా లాగారు. బావి గట్టుకు ముప్పై అడుగుల అవతల గుంట తీసి నాటారు, చుట్టూ కంప కట్టారు. మొక్క బతికింది. బొటనవేలి మందం దాటాక ఇలా రాదు, వేరు గోడ వెనక్కి పాకి ఉంటుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు, తొలకరి తర్వాతా, దీపావళి తర్వాతా గోడలు వెతకడం వంతుల్లో చేర్చారు.

బావి

పూడిక తీసేటప్పుడు ప్రాణాలు పోయేది ఎక్కువగా చెడ్డ గాలి వల్ల. దీపం దించి చూడటం పాత పద్ధతి. ఊపిరికి సరిపడా గాలి లేకపోతే దీపం ఆరుతుంది నిజమే. కుళ్లిన చెత్తలోంచి వచ్చే విషవాయువును మాత్రం అది చెప్పదు. గ్యాస్ మీటరు తెచ్చుకుని, బ్లోయరుతో గాలి కొట్టి, నడుముకు తాడు కట్టుకున్న మనిషిని మాత్రమే దించాలి. పైన ఇద్దరుండాలి. కిందివాడు పడిపోతే కాపాడబోయి ఇంకొకడు దూకకూడదు, తాడుతోనే లాగాలి. డీజిల్ ఇంజన్ను బావి లోపల పెట్టడం ఆత్మహత్యతో సమానం.

నీళ్లు ఒక్కసారిగా తోడేయాలన్న తొందర కూడా చెడ్డది. రాతి కట్టు వెనక మట్టిలో నీళ్లు అలాగే ఉంటాయి. లోపలి నీళ్లు ఆపే ఒత్తిడి పోగానే కట్టు లోపలికి ఉబ్బుతుంది. రోజుకు రెండడుగులే దించి, మర్నాడు ఉదయం కట్టు చూసుకుని ముందుకెళ్లారు. ఉత్తరం వైపు ఒకచోట రాళ్లు కదిలితే మూడు రోజులు ఆపి, వెదురు ఊతాలు కట్టారు. పూడికలో ప్లాస్టిక్కు, పగిలిన సీసాలు ఉన్నందున ఏరకుండా పొలాలకు ఇవ్వలేదు.

అనంతపురం ప్రాంతంలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బండలు పరిచిన వంద చదరపు మీటర్ల చావిడి వాకిలిని బావి వైపు వాలుస్తే, ఇంకిపోయేది, ఆవిరయ్యేది పోను నలభై వేల లీటర్ల చిల్లర బావికి చేరుతుంది. వాకిలికీ బావికీ మధ్య గులకరాళ్లు, ఇసుక ఉన్న గుంట కట్టారు. మొదటి వాన నీటిని బయటికే వదిలేస్తారు. తాగడానికి మాత్రం ఈ నీళ్లు ఇవ్వడం లేదు. ఇక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉంటుంది, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల పైన ఉంటే తాగరాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు ఏడాదికి రెండుసార్లు నమూనా పంపుతున్నారు. పశువులకు, మొక్కలకు, జలధికి బావి సరిపోతోంది.

తప్పెట

ఊరి సంస్కృతిని కాపాడుదాం అన్నమాటకు వాడలోని కుర్రాళ్లు అడిగిన ప్రశ్న ఇది: మా తాతలు తప్పనిసరిగా కొట్టిన తప్పెటను మేమెందుకు కొట్టాలి? ఊరేగింపు మా వీధికి ఎందుకు రాదు? ఈ రెండు ప్రశ్నలకు జవాబివ్వకుండా చేసే ఏ సర్వమత పనీ నిజమైనది కాదని మా అభిప్రాయం. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. తప్పెట కొట్టడాన్ని కులవృత్తిగా అడిగే హక్కు ఎవరికీ లేదు.

పట్నంనుంచి డీజే తెద్దామని కొందరన్నారు. పాడే ఆడవాళ్లు ఒప్పుకోలేదు. తప్పెట దరువు లేకపోతే పాట అడుగు తప్పుతుంది, డీజే చప్పుడులో గొంతే వినబడదు. కమిటీ చేసింది నాలుగు పనులు. తప్పెటకు రోజు కూలిని బేల్దారి కూలితో సమానం చేసి, ముందే రాసిచ్చారు. ఇష్టం లేనివాళ్లు రాకపోతే ఒక్క మాట అనకూడదన్నారు. పిలుపు మిగతా ఇళ్లకు వెళ్లినట్టే తాంబూలంతో వెళ్తుంది, భోజనం ఒకే బంతిలో. ఊరేగింపు దారిలో వాడ వీధి చేరింది.

చివరి రెండూ తేలిగ్గా జరగలేదు. మొదటి ఏడు కొన్ని ఇళ్లవాళ్లు బంతిలో కూర్చోకుండా వెళ్లిపోయారు. వాళ్లకోసం రెండో బంతి వేయలేదు, అదే సరైన పని. రెండో ఏడు వాళ్లలో సగం మంది కూర్చున్నారు. తప్పెట కొట్టడానికి అయిదుగురు కుర్రాళ్లు వచ్చారు, మిగతావాళ్లు రాలేదు. దరువులను వాళ్ల పేర్లతోనే రికార్డు చేశారు, ఎక్కడ వినిపించాలన్నా వాళ్లను అడగాల్సిందే.

పాటలు, పీర్లు

పండుగ రాత్రి రికార్డు చేసిన పాటలో తప్పెటే వినిపిస్తుంది, మాట వినబడదు. అందుకని రెండుసార్లు చేయాలి: ఒకసారి గుండం దగ్గర, ఒకసారి మధ్యాహ్నం చావిడిలో గొంతు మాత్రమే. నాణ్యత తగ్గించని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు, మూడు చోట్ల మూడు ప్రతులు. పాడినవారి పేరు, ఎవరిదగ్గర నేర్చుకున్నారు, ఏ రాత్రి పాడేది రాయాలి. ఈ పది రోజుల్లో తప్ప పాడకూడని పాటలని వాళ్లు చెబితే ఆ పది రోజులు వచ్చేదాకా ఆగాలి. రాసేటప్పుడు మాటలను దిద్దకూడదు. కర్బలా ఎడారిలో దాహాన్ని మన ఎండిన చెరువు మాటల్లో చెప్పే చరణాలున్నాయి, వాటిని పుస్తక భాషలోకి మార్చితే ఆ పాటే పోతుంది.

పీర్లను చింతపండు, ఇటుక పొడితో తోమడం వల్ల చెక్కిన అక్షరాలు అరిగాయి. ఇప్పుడు మెత్తటి నూలుగుడ్డతో పొడిగా తుడిచి, నూలుబట్టలో చుట్టి చెక్కపెట్టెలో పెడుతున్నారు. ప్లాస్టిక్ సంచిలో తేమ నిలుస్తుంది. పీరు పీరుకూ ఫొటో, కొలత, బరువు రాసిన పుస్తకం ఒక్కటే, అది ముజావరు, కమిటీ ఇద్దరి తాళాల కింద ఉంటుంది. ముట్టుకుని తూచింది ముజావరే, కమిటీవాళ్లు రాసుకున్నారు.

ఊరేగింపు

పూలు, దట్టీలు కట్టాక పీరు ఎత్తు ఎంతో కొలిచి, దారిలో అతి కిందికి వేలాడే కరెంటు తీగతో పోల్చాలి. ఆ దారి దాటేంతసేపు సరఫరా ఆపమని లైన్‌మన్‌కు ముందే రాసిస్తారు, పోలీసు స్టేషనుకు దారి పటం ఇస్తారు. గుండంలోకి మేకులున్న పాత చెక్క, ప్లాస్టిక్కు, కిరోసిన్ రానివ్వరు.

ఒక ఏడు గుండం వీడియో ముక్కను తప్పుడు రాతతో వాట్సాప్‌లో తిప్పారు. జవాబుగా ఇంకో వీడియో పెడదామన్న మాటను కమిటీ ఆపింది. గంటలోపు ఇద్దరు, రెండు వేర్వేరు మతాలవాళ్లు, కలిసి ఆ సందేశం పంపినవాళ్ల ఇంటికి వెళ్లాలన్నది అప్పటినుంచి నియమం. ఫోను చేయడం చాలదు. అలా వెళ్లేవాళ్ల పేర్లు ప్రతి నెలవంకకు ముందు నిర్ణయిస్తారు.

ఇంకా మిగిలింది పడమటి గోడ పగులు. దాని రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ వేశారు. నెలకోసారి చూస్తున్నారు. రెండు వానాకాలాల్లో పై కొన అర అంగుళం సాగింది, కింది కొన కదల్లేదు. మూడో వానాకాలం కూడా చూశాకే ఆ గోడను విప్పాలా, సున్నంతో నింపాలా అన్నది తేలుస్తారు.